మూడు పిలుపుల డిస్కో

వేంపల్లె బస్టాండు ఎదుట శ్రీవాసవి ఆడియోస్. రెండు వేల మూడో సంవత్సరం, ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గల్లాపెట్టె వెనక యజమాని రామలింగయ్య శెట్టి. గడప దగ్గర తలపాగాతో ఒక ముసలాయన.

"పులుపా? పులుపు కావాలంటే ఎదురంగడికి పో పెద్దాయనా. ఆడ దండిగా ఉండాది చింతపండు. ఈడ అమ్మేది క్యాసెట్లు."

"పులుపు కాదు సెట్టీ. పిలుపు. పిలుపు అందింది, వచ్చినాం."

"ఓహో, పిలుపా! పెండ్లి పిలుపా, ఊరి దేవర జాతర పిలుపా? ఏ పిలుపైనా మా ఆర్కెస్ట్రా తయారు. పేరుకు ఆర్కెస్ట్రా గానీ పెద్దాయనా, నాకు మాత్రం ఆరు కష్టాలు! కీబోర్డోడొక కష్టం, డోలోడొక కష్టం, వ్యానొక కష్టం, జనరేటరొక కష్టం, స్టేజీ మీద ఆడేవాళ్లొక కష్టం, ఇంటికి పోతే మా సుందరలక్ష్మి ఆరో కష్టం. రా, రా, నీడకు రా. ఏ ఊరు మనది?"

"సింగనగుట్ట."

"సింగనగుట్టనా! అట్ల చెప్పు మరి! మీ ఊర్లో తిరునాళ్ల జరుగుతాండాది గదా. మైకుసెట్టులో మా పాట మోగిందంట గదా! ‘గండ్ర సింగప్ప డిస్కో’! ఎట్లుండాది? జనం ఎగుర్తాండారా?"

"ఎగరల్యా. నిలబడిపోయినారు."

"మెచ్చుకోని నిలబడినారా?"

"యాడుండేవాళ్లు ఆడనే నిలబడిపోయినారు. రంగులరాట్నం ఆపేసినారు. బొరుగులు కొంటాండే ఆడోళ్లు సంచులు కింద పెట్టి, చెప్పులు ఇడిచినారు. ముసలోళ్లు గుట్ట మీద ఆయప్ప రాయి కాడికి పోయి దీపం ముట్టిచ్చినారు. నా మీసం నల్లగుండే కాలంలో ఒగతూరి ముట్టిచ్చిన దీపం సెట్టీ అది. మళ్ల మొన్ననే."

"పాటకు దీపమా! చూస్తివా, భక్తిపాటల క్యాసెట్టుకు గూడ ఇంత మర్యాద జరగల్యా. మా పక్కంగడి సాయిబు నన్ను ‘క్యా సెట్టీ’ అని పిలుస్తాడు. క్యాసెట్టు అమ్మే సెట్టిని గదా! ఈ దెబ్బకు వాడే ‘వాహ్ సెట్టీ’ అనాల."

"ఒగ మాట అడగాల."

"రెండు అడుగు! డిస్కో అంటే ఏమనుకుంటాండావు పెద్దాయనా? వేస్కో, చూస్కో, తీస్కో! మూడు కలిస్తే డిస్కో. ఏం చెప్పేది నా అదృష్టం. పోయినేడు మా పాటగత్తె ఫిట్సుతో పాయె, ఈయేడు మా పాట హిట్సుతో వచ్చె."

"ఎవురు ఆ పాటగత్తె?"

"ఉండె లే, ప్రేమజ్యోతి అని. పాపం, మంచి గొంతు. స్టేజీ మీదనే ఫిట్సొచ్చి సచ్చిపాయె. దాని మాట ఇప్పుడేల? నువ్వేదో అడగాలంటివి."

"ఆ పాటలో పిలిచింది ఎవురు?"

"పిలిచింది అంటే?"

"ఆయప్పను. పేరు పెట్టి."

"సింగప్పనా? ఇంకెవురు, నేనే! ఇదిగో, డబ్బా మీద చూడు, ఈ ఫోటో ఎవురిది? రచన రామలింగయ్య, సంగీతం రామలింగయ్య, గానం రామలింగయ్య, సమర్పణ రామలింగయ్య! పాలెగాన్ని పాటగాన్ని చేసినా పెద్దాయనా. ఒక్కక్షరం మార్చినా, దేశం మారిపాయె."

"గొంతు గూడ నీదేనా?"

"నాదే... అంటే, కొంచిం మిషన్లో మార్చినాం."

"పిల్లోని గొంతు మాదిరి ఉండాది."

"అదేనప్పా మిషను మహిమ! దాంట్లో పడితే ఎనుబోతు గూడ కోయిలైపోతాది."

"సరే. ఆయప్ప గురించి నీకేం తెల్సు సెట్టీ?"

"ఏముంది, కంపెనీ దొరల కాలం నాటి పాలెగాడు. కత్తి, గుర్రం, మీసం. గండికోట అవతల గుట్టల్లో దాక్కున్యాడు. పన్ను అడగొచ్చిన దొరకు పన్నూడగొట్టినాడు. దొరసాని ఆయప్ప మీసం చూసి మూర్ఛపోయింది. ఆఖరుకు ఉరి తీసినారు. డిస్కోకు ఇంతకంటే ఏం కావాల?"

"దొరసాని సంగతి అబద్ధం."

"పాటకు అబద్ధమే తబలా పెద్దాయనా!"

"తక్కింది సగం నిజం. కరువులో కంపెనీ పాతర్లు తవ్విచ్చి ఊరూరికీ జొన్నలు పోసినోడు ఆయప్పే. చాడీ చెప్పినారని గుట్టకవతల ఊర్లో, తలుపులకు బయట గొళ్లేలు పెట్టిచ్చి, కొట్టాలు తగలబెట్టిచ్చినోడూ ఆయప్పే. మా ఊర్లో కాయ కొడ్తాం. అవతలూర్లో పిల్లోళ్లు ఏడిస్తే ఆయప్ప పేరు చెప్పి నోరు మూయిస్తారు. ఆయప్ప దేవుడా దయ్యమా అని ఈపొద్దుటికీ రెండూళ్లు కొట్లాడుకుంటాయి. ఒక్కదాంట్లో మాత్రం రెండూళ్లదీ ఒగటే మాట."

"ఏంది?"

"ఆ పేరు గట్టిగా పిలవం. తిరునాళ్ల దినాల్లో అసలే పిలవం."

"యాల?"

"పిలిస్తే పలకాల గనక."

"ఎవురు పలకాల?"

"మేము."

"మీరా!"

"యాల గల్లాపెట్టెకు తాళమేస్తాండావు సెట్టీ?"

"ఏం ల్యా, ఏం ల్యా. ఎండ. నీళ్లు తాగుతావా పెద్దాయనా? కుండలో సల్లగుండాయి."

"పని అయ్యేదాక నీళ్లు ముట్టం. అయినా కుండ ఆడనే ఉండనీ. నిండుగుండాదా?"

"నిండుగుండాది. యాల?"

"పనికొస్తాది."

"‘ముట్టం’ అంటాండావు. ‘వచ్చినాం’ అంటాండావు. చూస్తే ఒక్కనివే ఉండావు."

"చెట్టు కింద ట్రాక్టరు కనపడ్తాండాదా?"

"కనపడ్తాండాది. కొబ్బరికాయల లోడు అనుకున్యా. ఆ తలకాయలన్నీ... వాళ్లంతా మీవోళ్లేనా?"

"ఆయప్ప రాయిని కాచుకుండే ఇంటోళ్లు. పిలుపొస్తే మగోళ్లందరూ కదలాల. నా పేరు పెద్ద ఈరన్న. ఆయప్ప గుర్రం పగ్గం పట్టుకున్యోని వంశం మాది. ఆయప్పను ఉరి తీసే దినం మావోన్ని పక్కకు పిలిచి చెప్పినాడంట: ‘నేను పోతాండా. పేరు పెట్టి ముమ్మారు ఎవురు పిలిచినా మీరు పోవాల’ అని. అందుకని పోతాం."

"పోయి?"

"పోయి, పని ముగిస్తాం."

"పెద్దాయనా, ఈరన్నప్పా, నేను... పాటలో తప్పేమన్నా ఉంటే తీసేస్తా. దొరసానిని తీసేస్తా. కావాలంటే మీసం గూడ తీసేస్తా!"

"పాట సంగతి కాదు. పిలిచింది నువ్వేనంటివి. ఇంగొగతూరి అడుగుతాండా. బాగ తలపోసి చెప్పు. పిలిచింది నువ్వా, ఇంకొగడా?"

"అంటే... రచన అంటే అదేనప్పా, రాసింది కాదు, రాయిచ్చింది."

"మళ్ల గానం?"

"గానం అంటే... నాకు గానం గాదు గదా, ఈల గూడ రాదు! ఎవురన్నా సెట్టి పాడేది చూస్తివా యాడన్నా? ఫోటో వేస్తే క్యాసెట్టు బాగుంటాదని ఏసినాం, అంతే. మొగం నాది, గొంతు వేరే వాంది."

"సెట్టీ, నా మాట విను. నువ్వే పిలిచింటే నువ్వేనని చెప్పు. ఈ మాట ఈడ్నే ముగిచ్చి పోతాం."

"ఈడ్నేనా! ముగిచ్చియా! అయ్యో, నేను గాదప్పా! మా వాసవమ్మ సాక్షిగా, మా సుందరలక్ష్మి తాళి సాక్షిగా నేను పిలవల్యా! పిలిచింది మా క్రాంతి కుమారు. లోపల రికార్డింగు రూములో ఉండాడు. పాట వాడే రాసినాడు, వాడే పాడినాడు, వాడే పిలిచినాడు."

"ప్రమాణంగా చెప్తివి."

"చెప్తి."

"ఇంగ వెనక్కి తీసుకునేది ల్యా."

"తీసుకోను! వాని నాయన ఏసన్న, కూలికి పోతాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాండేవాన్ని నేనే తెచ్చి మనిషిని చేసినా. ఇట్లాంటి పని చేస్తాడని నాకేం తెల్సు? నీకు కావాల్సింది వాడు. తీస్కపో. బయట చెట్టు కిందికి తీస్కపోయి మాట్లాడుకోండి. ఈడ కొత్త టేపులుండాయి, మరకలైతే... ఒరే క్రాంతీ! క్రాంతీ! బిన్న, తొందరగా రా!"

"పిలిచినావా సెట్టన్నా?"

"నేను గాదు పిలిచింది, నువ్వు! చెప్పు ఈ పెద్దాయనకు. ఉండేది ఉన్నట్ల చెప్పు. నన్ను మధ్యలో ఇరికిచ్చద్దు."

"నాయనా, నువ్వు కృపమణి కొడుకువు గదా?"

"అవును తాతా."

"మా గుట్ట కింద చర్చి పక్కింట్లోనే మీ అమ్మ పుట్టింది. చిన్నప్పుడు మా కల్లంలోనే ఆడుకునేది."

"చెప్పేది తాతా."

"ఏం చెప్పేది?"

"అన్నీ."

"ఊఁ. పిలిచింది నువ్వేనా?"

"నేనే."

"మీరు చర్చికి పోయేవాళ్లు. ఆయప్పను పిలిస్తివే?"

"పిలిచినోని మతం సింగప్ప అడగడని మా అమ్మ అనేది."

"అడగడు. నిజమే. మళ్ల తెలిసే పిలిస్తివా నాయనా, తెలీకనా?"

"వానికేం తెలుస్తాదప్పా, తలకాయలో తాళం తప్ప..."

"నిన్ను గాదు సెట్టీ అడిగింది. సరే, ఉండనీ. పాట పెట్టు నాయనా. మొదట్నించి. సౌండు పెంచు, ట్రాక్టరు కాడికి వినపడాల."

"సరే తాతా."

"‘సింగప్పా! సింగప్పా! సింగప్పా! — రామలింగయ్యా... య్యా... య్యా... — గుట్ట దిగి రారప్పా, గుర్రమెక్కి రారప్పా, డిస్కో లైటు కిందికొచ్చి చిందులెయ్యి ఓ యప్పా!’"

"ఆపు. ఆడికి ఆపు నాయనా. విన్యావా సెట్టీ?"

"విన్యా. దినామూ వింటా. బాగనే ఉండాది గదా. బిగినింగులో డ్రమ్ము కొంచిం..."

"మూడు పిలుపులు. వాటెనక ఒగ పేరు."

"అది నాదే. ఎకో పెట్టిచ్చినా. గుట్టకు తగిలి తిరిగొచ్చినట్ల రావాలంటి."

"అట్లనే వచ్చింది. గుట్టకు తగిలి మా ఊరి మీద పడింది. సెట్టీ, ఇందాకట్నుంచి నువ్వు భయపడ్తాండేది తిక్క భయం. పిలిచినోన్ని మేము ఏమీ అనం."

"అనరా?"

"యాల అంటాం? పిలిచినోడు మా బిడ్డ. యాడా న్యాయం దొరకనోడే గదా ఆయప్పను పిలిచేది. వాని వెంట్రుక గూడ ముట్టం."

"అబ్బ! బతికిస్తివి పెద్దాయనా! పానం లేచొచ్చె! ఒరే క్రాంతీ, సోడాలు తెప్పిచ్చు! మళ్ల ఆ ట్రాక్టరు, ఆ మనుషులు ఎవురికోసమప్పా?"

"మూడో పిలుపెనక ఎవురి పేరు చెప్తే వానికోసం. సోడా వద్దు నాయనా."

"కాదు, కాదు, కాదు. పెద్దాయనా, పొరపాటు! అది సమర్పణ! క్యాసెట్టు తెచ్చినోని పేరు ముందర చెప్తారు. అన్ని పాటల్లో చెప్తారు. సమర్పణ రామలింగయ్య!"

"సమర్పిచ్చినారనే గదా మావోళ్లు గూడ అనుకున్యారు."

"ఆ సమర్పణ గాదప్పా!"

"మాకు తెల్సిన సమర్పణ ఒగటే."

"అయితే... అయితే పిలిచింది నేనే! డబ్బా మీద చూడు! గానం ఎవురు? రామలింగయ్య! మొగం ఎవురిది? రామలింగయ్యది! నేనే పిలిచినా!"

"ఇందాక అదే అడిగితి గదా సెట్టీ, రెండుతూర్లు. నీ పిలుపులో నీ పేరే ఉంటే, ఎవురో తెలియక నోరు జారినాడని నవ్వుకోని, దీపం కొండెక్కిచ్చి పోయేవాళ్లం. ఈడ్నే ముగిచ్చి పోతాం అంటి. నువ్వు తాళి సాక్షిగా గాదంటివి."

"ఒరే క్రాంతీ! నా పేరు ఆడ యాల పెడితివి రా?"

"పాటలో నా పేరు గట్టిగా రావాల అంటివి గదా సెట్టన్నా."

"గట్టిగా అంటి! ఆడ అంటినా?"

"యాడ అని నువ్వు చెప్పల్యా. నేనే చూసి పెట్టినా."

"ఏం చూసి పెడితివి రా... పెద్దాయనా, ఏం చేస్తారు నన్ను?"

"మా తాతల కాలమైతే రాయి పక్కన కత్తి ఉండేది. ఆ రాయెక్కి అబద్ధం చెప్పినోడు గుట్ట దిగల్యా. ఇప్పుడు పోలీసులుండారు, కోర్టులుండాయి. కత్తికి కుంకుమ పెట్టి గూట్లో దాచినాం."

"దాచినారు గదా? తీయరు గదా?"

"నేనైతే తీయను. నా మాట అందరూ వింటారని చెప్పలేను. ట్రాక్టర్లో ఉండేవాళ్లంతా వయసు పిల్లోళ్లు. ఈపొద్దు జరిగేది మాత్రం ఇది. పేరొచ్చినోడు తడిబట్టలతో రాయి మీద నిలబడాల. పిలిచినోడు ఒగ మాట అడుగుతాడు. తిరునాళ్ల జనం అందరికీ వినపడేట్ల జవాబు చెప్పాల. నిజమైతే తీర్థం ఇచ్చి, మా ట్రాక్టర్లోనే తెచ్చి ఈడ దింపిపోతాం."

"జవాబు చెప్తే చాలా? అంతేనా?"

"అంతే."

"జనానికి వినపడాలంటే... మైకులోనా?"

"ముందు అరిచి చెప్పేవాళ్లు. ఇప్పుడు మైకులోనే."

"హమ్మయ్య! ఇది ముందు చెప్పద్దా పెద్దాయనా! మైకంటే నాకు మైకం! మైకు చేతికొస్తే రామలింగయ్యను దించేది దేవుని తరం గూడ గాదు. తిరునాళ్ల జనం కడుపు చెక్కలయ్యేట్ల నవ్విచ్చి వస్తా. రాయి మీద రామలింగయ్య! ఏం పేరు, ఏం పేరు! అడుగు రా క్రాంతీ, ఏం అడుగుతావో!"

"అడుగు నాయనా. ముందు గడప లోపల అడగాల. ఈడ చెప్పిందీ రాయి మీద చెప్పిందీ ఒగటి గావాల."

"మా ప్రేమజ్యోతి ఎట్ల సచ్చిపాయె సెట్టన్నా?"

"చెప్పు సెట్టీ."

"అది... ఇదేనా అడిగేది? అందరికీ తెల్సిందే గదరా. ఫిట్సు."

"ఈ పిల్లోనికి ఏమైతాది ప్రేమజ్యోతి?"

"చెల్లెలు తాతా. నా ఎనక పుట్టింది."

"ఈ సంగతి ఇందాక చెప్పల్యా నువ్వు సెట్టీ. హిట్సు, ఫిట్సు అంటివి."

"నోటికి అట్ల వస్తాదప్పా. నా నోరే అట్లాంటిది, మనసులో ఏమీ ఉండదు. బంగారట్లాంటి పిల్ల. పోయినేడు కొత్తూరు దేవరలో పాడతా పాడతా ఫిట్సొచ్చి పడిపాయె. ఆసుపత్రికి నా వ్యాన్లోనే తీస్కపోయినా."

"ఆ దినం వాన పడ్తాండెనంట గదా సెట్టీ?"

"సినుకులు. వాన గాదు, సినుకులు. జనం ఈలలేస్తాండ్రి, ఇంగొక పాట, ఇంగొక పాట అని. దిగిపోతే రాళ్లేస్తారు. ఆ పిల్లే పాడ్తా అన్యాది."

"‘మైకు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాండాది సెట్టన్నా’ అన్యాది. నేను కీబోర్డు కాడ ఉండి విన్యా."

"అంటే అన్యాది..."

"నువ్వేమంటివి?"

"ఏమో, గ్యాపకం ల్యా."

"‘జివ్వుమంటేనే పాటకు జీవం, పాడు పాడు’ అంటివి. అందరూ నవ్విరి. అది గూడ నవ్వింది. మళ్ల మైకు పట్టుకున్యాది."

"నవ్వేదానికన్యా రా! ధైర్యం చెప్పేదానికన్యా! ఫిట్సొచ్చే ముందు ఒళ్లు జివ్వుమంటాదంట, డాక్టరు చెప్పినాడు."

"ఏ డాక్టరు?"

"ఎవురో ఒగ డాక్టరు!"

"మా ఇంట్లో ఎవురికీ ఫిట్సు ల్యా తాతా. సెట్టన్న చెప్పినాంక అందరికీ ఉండాది. మా నాయన ఒంటిగా చేనికి పోతే ఎవురో ఒగరు ఎనకే పోతారు, యాడ పడిపోతాడో అని. మా చిన్న చెల్లెల్ని బాయి కాడికి రానీరు. మా అమ్మ చర్చిలో గోడకానుకోని కూర్చుంటాండాది, పిల్లోళ్ల తల్లులు దూరం జరుగుతారని. మీ ఇంటి రోగాన్ని దాచిపెట్టి పాడిచ్చినారు గదా అని మా అమ్మనే అంటారు. ఆయమ్మ గూడ నమ్మింది తాతా. ‘దానికి ఎప్పుడొచ్చిందో, నేనే కనిపెట్టలేకపోతి’ అని ఏడుస్తాది."

"సెట్టీ, ఆ మైకు మంచిదేనా?"

"మైకు బంగారం! మైకుదేం తప్పు ల్యా! యాడైనా ప్రమాణం చేస్తా!"

"చేస్తువు లే. ప్రమాణాలకు నీకు అలుపు ల్యా. ఆ మైకు ఇప్పుడు యాడుండాది?"

"బీరువాలో. తాళమేసి పెట్టినా."

"మంచి మైకుకు తాళమేల?"

"గ్యాపకంగా! ఆ పిల్ల గ్యాపకంగా!"

"మంచిది. ఇంత సులభమైన పిలుపు నా కాలంలో చూడల్యా. చెప్పింది నిజమే గదా, ఇంగ భయమేముంది? నాయనా, ఆ కుండ తీసుకో. పేరొచ్చినోన్ని పిలిచినోని చేత్తోనే తడపాల. గడప లోపల్నే."

"ఈడ్నేనా? టేపులు తడుస్తాయి!"

"తల వంచు సెట్టీ."

"మెల్లగ రా! మెల్లగ... అబ్బబ్బబ్బ! చొక్కా లోపలికి పాయె! చాలు! చాలు రా, కాళ్ల కింద మడుగైపాయె! ఎండకు సల్లగనే ఉండాది లే. అట్ల నిలబెట్టద్దు పెద్దాయనా, దా, పోదాం పద. ట్రాక్టర్లో ముందర కూర్చుంటా నేను."

"కూర్చుందువు. ముందు గొంతు చూసుకో. మైకు తెచ్చియ్యి నాయనా."

"ఇదిగో తాతా."

"మంచి మైకే. పట్టుకో సెట్టీ."

"ఇది... ఇది యాడిది రా?"

"బీరువాలోది సెట్టన్నా. గ్యాపకం అంటివి గదా."

"తాళం..."

"తీసినా."

"ఆ వైరు యాడికి పోతాండాది?"

"లోపల రూములోకి."

"లోపల యాంప్లిఫైరు ఆన్‌లో ఉండాదా?"

"ఇందాక పాట విన్యావు గదా."

"పట్టుకో సెట్టీ. పామును చూసినట్ల చూస్తాండావు. మైకే గదా."

"చేతులు తడిగుండాయి పెద్దాయనా."

"ఉండాల. అందుకే గదా తడిపింది."

"వేరే మైకుండాది. కొత్తది. దాంట్లో బాగ వస్తాది. ఒరే క్రాంతీ, ఆ నల్లది తీసుకురా."

"ఇది మంచిది గాదా?"

"మంచిదే..."

"బంగారం అంటివి."

"బంగారమే... నాకు గొంతు బాగల్యా. బీపీ ఉండాది. చెప్పులేసుకోనిస్తావా పెద్దాయనా, చెప్పులు?"

"రాయి మీద చెప్పులుండవు."

"‘మైక్ టెస్టింగ్’ అను సెట్టన్నా. అంతే. దినామూ అనేదే గదా."

"దగ్గరికి తేవద్దు రా."

"జివ్వుమంటేనే గదా జీవం."

"తేవద్దంటే తేవద్దు! పెద్దాయనా, చెప్పు వానికి! నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఎనక్కి పోవద్దు సెట్టీ, ఎనక గోడుండాది. మావోళ్లు గడప కాడికొచ్చినారు. మీ సాయిబు వచ్చినాడు, చింతపండు అంగడాయన గూడ వచ్చినాడు. నువ్వేమో పులుపంటివి, నేను పిలుపంటి. నువ్వు సమర్పణంటివి, మావోళ్లు సమర్పిచ్చినారనుకున్యారు. నువ్వు ఫిట్సంటాండావు, ఈ పిల్లోడు గాదంటాండాడు. యాడ పొరపాటు జరిగిందో అందరికీ తెలియాల గదా. గట్టిగా చెప్పు. ఆ మైకు యాల వద్దు?"

"షాకు కొడ్తాదప్పా! షాకు! ఆ మైకు ముట్టుకుంటే సచ్చిపోతా!"

"వైరు యాడా కలపల్యా సెట్టన్నా. లోపల ఉత్తగ పడేసి ఉండాది. చెప్పు, ఎప్పట్నుంచి తెల్సు నీకు?"